నీళ్ల అడుగున నల్లగీత

నంద్యాల,
15 జూన్ 2025

అన్నకు,

ఇక్కడ నేను క్షేమమే అని మొదలుపెడితే అబద్ధం రాసినట్టవుతుంది. భుజాలు పట్టేశాయి, ముక్కులో నీళ్లు, చెవిలో నీళ్లు. అందుకే ఆ మాట వదిలేసి అసలు సంగతికి వస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మొన్న చేశాను. ముప్పై ఏళ్లుగా రాయి కోసే మిషన్ పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు. నేనొకటి చెబితే నాలుగుసార్లు "ఆఁ? ఏందీ?" అని, ఫోన్ మంజుల వదినకిచ్చావు. నేను ఈత నేర్చుకుంటున్నానని చెబితే, నీళ్లలో పడ్డానని వదిన మీ వీధంతా చెప్పింది. నిన్న ఇద్దరు నన్ను పరామర్శించారు. ఇక నీతో ఫోన్ లేదు, ఉత్తరమే.

మా స్కూల్లో ఈ వేసవిలో స్విమ్మింగ్ పూల్ కట్టారు. మగపిల్లలు అప్పుడే దూకుతున్నారు. నా హాస్టల్లో ఉన్న అరవై రెండు మంది ఆడపిల్లలు మాత్రం కిటికీల్లోంచి చూస్తున్నారు. గట్టున ఈత వచ్చిన ఆడమనిషి ఉంటే తప్ప ఆడపిల్లలను నీళ్లలోకి దించకూడదని యాజమాన్యం నియమం. స్టాఫ్‌లో పంతొమ్మిది మంది ఆడవాళ్లం, ఒక్కరికీ ఈత రాదు. నేను వార్డెన్‌ని కదా, చెయ్యి ఎత్తాను. నలభై ఆరేళ్లకు ఈ బుద్ధి ఎందుకు పుట్టిందని అడగొద్దు.

ఆగస్టు మూడో తేదీన పరీక్ష. పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ఐదు మీటర్లు. నాలుగుసార్లు ఆగకుండా ఫ్రీస్టైల్ ఈదాలి. ఫ్రీస్టైల్ అంటే ముఖం నీళ్లలో పెట్టి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, పక్కకు తిరిగి గాలి పీల్చడం. నేను ఈదకపోతే ఈ ఏడాది ఆడపిల్లల బ్యాచ్ లేదు. తొమ్మిదో తరగతి పూజిత రోజూ టిఫిన్ దగ్గర నిలబడి "మేడమ్, మన వంతు ఎప్పుడు?" అంటుంది.

నాకు ఒక్క పొడవు కూడా పూర్తి కావడం లేదు, సగానికే రొప్పు. నువ్వు చిన్నప్పుడు బావిలో గంటలు గంటలు ఈదేవాడివి. ఆయాసం రాకుండా ఏం చేసేవాడివో అదొక్కటే రాయి. ఉపన్యాసం వద్దు.

నీ చెల్లెలు
అహల్య


ఆళ్లగడ్డ,
19 జూన్ 2025

అహల్యకు అన్న రాసేది.

మంజుల నీ మీద కోపంగా ఉంది. నీ ఉత్తరం నేను మనసులోనే చదువుకుంటున్నాననుకున్నాను, గట్టిగా చదివానట. తన గురించి నువ్వు రాసిన ముక్క పక్కింటివాళ్లకు కూడా వినపడిందట. నాకెలా తెలుస్తుంది?

ఈతలో ఏముంది అంత కష్టం. తల పైకెత్తాలి, ఎదురుగా చూడాలి. ముఖం నీళ్లలో పెట్టమని చెప్పినవాడెవడో వాడికి ఈత రాదు. మనిషికి ముఖం ఇచ్చింది ముందుకు చూడడానికి. ఇన్ని వందల విగ్రహాలు చెక్కాను, ఒక్కటీ కిందికి చూడదు.

రెండోది, నీళ్లను గట్టిగా కొట్టు. అప్పుడే నీళ్లు దారిస్తాయి. మూడోది, నువ్వు బెండ్లు కట్టుకోకుండా నేరుగా దిగావు, అదే నువ్వు చేసిన తప్పు. మన వైపు ఎవడు నేర్చుకున్నా నీళ్లలో తేలే ఎండిన కిత్తనార కాడల బెండ్లు వీపుకు కట్టుకునే దూకాడు. రెండు కట్టలు చేసి రేపటి నంద్యాల బస్సులో వేస్తున్నాను. కట్టుకో, మునగవు.

ఉపన్యాసం వద్దన్నావు, ఇవ్వలేదు.

కేశవులు


నంద్యాల,
24 జూన్ 2025

అన్నా,

నీ బెండ్లు చేరాయి. ఎప్పుడు చేరాయో విను. పొద్దున ప్రార్థనలో, ఏడొందల మంది వరసల్లో నిలబడి ఉండగా, వాచ్‌మన్ ఆ రెండు కట్టలు భుజాన వేసుకుని మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చాడు. పైన అట్టముక్క మీద, రాయి మీద గుర్తులు పెట్టే ఎర్రరంగుతో, "ఈత నేర్చుకొనే అహల్యకు" అని అరచేతులంత అక్షరాలు. నువ్వు ఊరి పేర్లు కూడా అంత పెద్దగా చెక్కవు కదా. మగపిల్లలు ఇప్పటికీ నన్ను చూస్తే వీపు తడుముకుంటున్నారు.

నీ మీద గౌరవంతో తల పైకెత్తి కూడా చూశాను. తల పైకి లేవగానే కాళ్లు కిందికి పోయాయి. నిలువుగా నిలబడి నీళ్లు తాగాను. నీళ్లను గట్టిగా కొట్టాను, ఇంకా తొందరగా అలిసిపోయాను. ఇక ఆ రెండు మాటలు నాతో చెప్పొద్దు.

మా కోచ్ పేరు నతానియేలు. గడివేముల ఆయనది. పదిసార్లు చెప్పినదే పదకొండోసారి కూడా గొంతు పెంచకుండా చెబుతాడు, నాకు ఆ నిదానానికే ఒళ్లు మండుతుంది. నా చెయ్యి తల ముందు అడ్డంగా పోతోందట, భుజానికి నేరుగా ముందుకు చాచాలట. కాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి సైకిల్ తొక్కుతున్నానట, తుంటి నుంచి ఆడించాలట. ఒళ్లు పలకలా బల్లపరుపుగా పెట్టేస్తున్నానట, ప్రతి చేతికీ ఒక పక్కకు ఒరగాలట. ఒకటి గుర్తుపెట్టుకుంటే ఇంకొకటి మరిచిపోతున్నాను.

అన్నిటికంటే పెద్ద బాధ ఊపిరి. ఆ చివరకు చేరేసరికి ఛాతీ బిగుసుకుపోతుంది. గట్టు పట్టుకుని రొప్పుతూ ఉండిపోతాను. ఆయనేమో "గాలి నీళ్లల్లోనే ఇడ్సండి మేడమ్" అంటాడు. వదులుతూనే ఉన్నానంటే నమ్మడు.

బెండ్లు హాస్టల్ మేడ మీద ఆరేసి ఉన్నాయి. పొయ్యికి పనికొస్తాయని వంటామె అడుగుతోంది.

అహల్య


ఆళ్లగడ్డ,
1 జూలై 2025

అహల్యకు,

వాటిని పొయ్యిలో పెట్టావంటే నేను ఊరుకోను. రెండు రోజులు కూర్చుని కట్టాను.

నీ కోచ్ చెప్పినవాటిలో ఒరగడం ఒకటి సరైనది. తల సంగతి నేనింకా ఒప్పుకోవడం లేదు. సమ్మెట చేత్తో కొట్టేవాడు రెండు రోజులకు మంచం ఎక్కుతాడు. నడుముతో కొట్టాలి. నడుము తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే చెయ్యి దానంతటదే పోయి పడుతుంది. నాయన నాకు నేర్పించింది ఇదే. నువ్వు చేతిని లాగుతున్నట్టున్నావు. చేతిని మరిచిపో, నడుము తిప్పు.

ఇప్పుడు నేను అడిగేదానికి జవాబు రాయి. మిగతావి రాయకపోయినా సరే. రొప్పుతున్నానన్నావు. దగ్గు ఉందా? పొద్దున లేవగానే వస్తుందా? మెట్లు ఎక్కితే ఆయాసమా? ఛాతీ బిగుసుకోవడం నీళ్లలోనేనా, బయట కూడానా?

వెంటనే రాయి.

కేశవులు


నంద్యాల,
5 జూలై 2025

అన్నా,

నీ సమ్మెట మాట పనిచేసింది. నువ్వు పొంగిపోతావని రాయకూడదనుకున్నాను. నడుము తిప్పితే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది, అడ్డం రాలేదు. ఎవరు చెప్పారని నతానియేలు సార్ అడిగాడు. రాళ్లు కొట్టే మా అన్న అన్నాను.

ఒకటిన్నర పొడవు వస్తోంది. అక్కడితో సరి. కళ్ల ముందు చుక్కలు కనపడతాయి, ఇక ఆగక తప్పదు. దగ్గు ఉంది, ఎందుకుండదు? రోజూ అర చెంబు నీళ్లు మింగుతున్నాను. డాక్టరు ప్రశ్నలు మానేసి ఈత గురించి ఇంకేమైనా తెలిస్తే రాయి. నెల కూడా లేదు.

అహల్య


నంద్యాల,
11 జూలై 2025

కేశవులు గారికి,

అన్నా అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిపించింది. నీ తరఫున వదిన ఫోన్ చేసిందట. అహల్యకు ఊపిరితిత్తుల జబ్బు ఉందట, మా నాయన పోయింది కూడా దానితోనేనట, తనను నీళ్లలోకి దించొద్దట. నాకు లేని జబ్బును నాకు చెప్పకుండా నా ప్రిన్సిపాల్‌కు చెప్పారు మీరిద్దరూ. డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా పూల్ గేటు దాటొద్దని రాసిచ్చింది. పరీక్షకు ఇరవై మూడు రోజులే ఉన్నాయి.

పూజిత ఈరోజు ఏమీ అడగలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉంది.

ఒక్క మాట రాసి ముగిస్తాను. నాకు పద్నాలుగేళ్లప్పుడు మన రాళ్ల షెడ్డులో నా చేతిలోంచి ఉలి లాక్కున్నావు. "ఆడపిల్లకు ఉలి ఎందుకు, ఇంట్లోకి పో" అన్నావు. అప్పటికి నేను రాయి మీద నీకంటే బాగా గీతలు గీసేదాన్ని, నాయనే అన్నాడు. ఆ తర్వాత నేను ఆ షెడ్డు గడప తొక్కలేదు, నువ్వు పిలవనూ లేదు. ముప్పై రెండేళ్ల తర్వాత నాకంటూ ఒకటి పట్టుకున్నాను. దాన్నీ లాక్కున్నావు. నీకు ఇప్పుడు తృప్తిగా ఉండాలి.

అహల్య


ఆళ్లగడ్డ,
14 జూలై 2025

అహల్యా,

నువ్వు రాసినదాంట్లో ఫోన్ సంగతి నిజం. మంజులను ఏమీ అనకు, చేయమన్నది నేను. తృప్తి సంగతి అబద్ధం.

నువ్వు ఉలి పట్టిన ఐదో ఏడు నాయనకు దగ్గు మొదలైంది. కర్నూలు పెద్దాసుపత్రికి నేనే తీసుకుపోయాను. లోపల రాతి దుమ్ము పేరుకుందని, ఇక పోదని డాక్టరు నాకొక్కడికే చెప్పాడు. దుమ్ములో ఇంకెవరు కూర్చుంటారని అడిగాడు. పద్నాలుగేళ్ల చెల్లెలు కూర్చుంటుందని చెప్పాను. చిన్నపిల్లను కూర్చోబెట్టావా అని ఆయన నా ముఖంలోకి చూశాడు.

బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాను. నువ్వు కూర్చుని ఉన్నావు, రెప్పల మీద కూడా దుమ్ము. ఉలి లాక్కున్నాను. దుమ్ము అని చెబితే నువ్వు అమ్మకు చెబుతావు, అమ్మ నాయనను షెడ్డుకు పోనివ్వదు, షెడ్డుకు పోకపోతే నాయన నెల కూడా బతకడు. అందుకే ఆడపిల్ల అన్నాను. నోటికి అదే వచ్చింది. ఆ మాట అన్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, ఇప్పుడు యాభై ఎనిమిది, ఇంకా దాన్ని వెనక్కి తీసుకోలేదు.

నాయన కూడా మొదట రొప్పుతున్నాననే అన్నాడు. ఛాతీ బిగుసుకుంటోందనే అన్నాడు. నువ్వు అవే మాటలు రాశావు. నీకు ఐదేళ్లు దుమ్ము పట్టించింది నేను. అందుకే ఫోన్ చేయించాను.

ఎక్స్‌రే తీయించుకుని నాకు పంపు. డాక్టరు చీటీ కాదు, ఆ ఫిల్మ్ పంపు, నాయనది చూసి చూసి నాకు తెలుసు. ఇంకొకటి. ముఖం నీళ్లలో పెట్టిన దగ్గర నుంచి ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా రాయి.

అన్న


నంద్యాల,
20 జూలై 2025

అన్నా,

ఎక్స్‌రే ఈరోజు బస్సులో పంపాను. ఎండకు పెట్టి చూసుకో. ఏమీ లేదు. డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు, ప్రిన్సిపాల్ మేడమ్ గేటు తీసింది. తొమ్మిది రోజులు పోయాయి.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాననుకో. ఒక్క మాట చెప్పి ఉంటే నీకేం పోయేది? అమ్మకు చెప్పొద్దంటే చెప్పేదాన్ని కాదు కదా. ముప్పై రెండేళ్లు మా అన్న నన్ను పనికిరానిదాన్ని అనుకున్నాడనే బతికాను. ప్రతి పండక్కి నీ ఇంటికొచ్చి, అన్నం తిని, ఆ షెడ్డు వైపు చూడకుండా వెళ్లిపోయాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నీకు చెవులే లేవనుకున్నాను, నోరు కూడా లేదు.

ఇంతకూ నీ ఎక్స్‌రే ఏది? నన్ను లేపి నువ్వు ఆ దుమ్ములోనే కూర్చున్నావు. దీనికి జవాబు రాయి, మిగతావి రాయకపోయినా సరే.

నువ్వు అడిగింది రాస్తున్నాను. ముఖం నీళ్లలో పెడతాను. పూల్ అడుగున నల్ల టైల్స్‌తో ఒక గీత ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. సార్ దాన్నే చూడమంటాడు. చూపు దాని మీద పెట్టి వెంట్రుకవాసి కూడా పక్కకు పోనివ్వను. అప్పుడు ఇంకేమీ గుర్తుకు రాదు, నిజానికి అదొక్కటే నాకు ఇష్టమైన భాగం. మూడో చేతికి పక్కకు తిరిగి గాలి వదిలి, పీల్చబోతాను. పీల్చేలోగా ముఖం మళ్లీ నీళ్లలోకి పోతుంది. అంతే. ఇందులో నీకేం కనపడుతుందో చూడు.

అహల్య


ఆళ్లగడ్డ,
23 జూలై 2025

అహల్యా,

దొరికింది.

ఫిల్మ్ మూడుసార్లు చూశాను. శుభ్రంగా ఉంది. మంజులకు కూడా చూపించాను. ఆ తర్వాత నీ ఉత్తరం చదివాను. నీ కోచ్ చెప్పింది నిజం. నువ్వు నీళ్లలో గాలి వదలడం లేదు. పక్కకు తిరిగి గాలి వదిలి పీల్చబోతానని నువ్వే రాశావు. బయట ఉన్న ఆ కాస్తసేపట్లో రెండు పనులు ఎవడు చేయగలడు? లోపల ఉన్నంతసేపూ బిగబట్టే ఉంటున్నావు.

ఎందుకు బిగబడుతున్నావో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

నీకు తొమ్మిదేళ్లు. పీఠం మీద పద్మం రేకులకు గీతలు గీయమని ఎర్రరంగు కుంచె నీ చేతికిచ్చాను. చెయ్యి వణికింది. "గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టు, మ్మే, కదిల్తే రాయి పాడవుతాది" అన్నాను. దుమ్ము కూడా లోపలికి పోదని నా లెక్క. నువ్వు ఊపిరి వదిలితే ముక్కు పట్టుకునేవాణ్ని. ఐదేళ్లు అదే పని. గీత కనపడితే నీ ఊపిరి ఆగిపోతుంది, నువ్వు ఆపడం లేదు. రేపు పొద్దున ముగ్గు వేసేటప్పుడు చూసుకో. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసుకో.

ఆ స్కూలువాళ్లు నీళ్ల అడుగున గీత పెట్టారు. నువ్వు ఇరవై ఐదు మీటర్ల గీత గీస్తున్నావు.

సమ్మెట కొట్టేవాడు ఊపిరి బిగబట్టడు. దెబ్బ పడినప్పుడల్లా హుఁ అని వదులుతాడు. నువ్వు అక్కడ గీత గీయడం లేదు, సమ్మెట కొడుతున్నావు. గీత వైపు ఊరికే చూడు, దాన్ని కాపలా కాయకు. చెయ్యి నీళ్లలో పడగానే హుఁ అని మొదలుపెట్టి, పక్కకు తిరిగేదాకా వదులుతూనే ఉండు. తిరిగినప్పుడు పీల్చడం ఒక్కటే పని. తల పైకెత్తాలన్నది కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

నా ఎక్స్‌రే సంగతి తర్వాత.

అన్న


నంద్యాల,
3 ఆగస్టు 2025

అన్నా,

నీతో వేగలేను. రావొద్దని చెప్పానా లేదా? ఆడవాళ్ల పరీక్ష, బయటి మగవాళ్లను రానివ్వరు అని కార్డు ముక్క రాశానా లేదా?

జరిగింది నాకు పూజిత చెప్పింది. నేను నీళ్లలోకి దిగగానే కాంపౌండ్ గోడ మీద ఒక తల లేచిందట. జుట్టంతా రాతి దుమ్ము. నువ్వు బయట ఇసుక కుప్ప ఎక్కి నిలబడ్డావు. నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. "ఇడ్సు అహల్యా, ఇడ్సు" అని స్కూలంతా దద్దరిల్లేలా అరిచావట. ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండో పొడవుకు ఆడపిల్లలు అందుకున్నారట. అరవై రెండు మంది గట్టున నిలబడి "ఇడ్సు మేడమ్, ఇడ్సు" అని.

లోపల నాకు ఏమీ వినపడలేదు. పక్కకు తిరిగినప్పుడల్లా ఒక ముక్క చెవిన పడేది. ముఖం మళ్లీ లోపలికి పోయాక నేను హుఁ అనేదాన్ని. మూడో పొడవులో గీత మీదకు చూపు పోయింది, ఛాతీ బిగుసుకోబోయింది. పద్మం రేకులు గుర్తొచ్చాయి, నువ్వు నా ముక్కు పట్టుకోవడం గుర్తొచ్చింది. నీళ్లలోనే నవ్వొచ్చింది, నవ్వితే గాలి అంతా బయటికి పోయింది. ఆ తర్వాత దారి తెలిసింది. నాలుగో గోడ ముట్టుకున్నాక కూడా ఇంకో పొడవు ఈదగలననిపించింది.

నతానియేలు సార్ రిజిస్టర్‌లో పేజీ తిప్పి, పూజితను పిలిచి టోపీ సైజు అడిగాడు. రేపటి నుంచి ఆడపిల్లల బ్యాచ్.

తల ఎత్తి చూస్తే గోడ మీద నువ్వు లేవు. నిన్ను లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేయమని ప్రిన్సిపాల్ మేడమ్ వాచ్‌మన్‌ను పంపిందట. నువ్వు అతన్ని చూసి పరిగెత్తావట. యాభై ఎనిమిదేళ్ల మనిషివి, ఇసుక కుప్ప దిగి పరిగెత్తడమేమిటి?

ఒక్కటి అడుగుతాను. నా ఉలి ఉందా, పారేశావా?

అహల్య


ఆళ్లగడ్డ,
6 ఆగస్టు 2025

అహల్యా,

వాచ్‌మన్ చెయ్యి ఊపుతూ వచ్చాడు. రమ్మంటున్నాడో పొమ్మంటున్నాడో నాకెలా తెలుస్తుంది? నాలుగోసారి నువ్వు గోడ ముట్టుకోవడం చూసే దిగాను. అంతవరకు వాడు నా కాలు లాగినా దిగేవాణ్ని కాదు.

మంజుల నన్ను నిన్న ఎక్స్‌రేకు తీసుకుపోయింది. ఉంది, కొంచెం. పెరగకుండా చూసుకోమన్నాడు డాక్టరు. ఇకనుంచి ముక్కుకు మాస్కు లేకుండా షెడ్డులో కాలు పెట్టకూడదట, రాయి తడిపి గానీ కోయకూడదట. నాకంటే ముందు మంజుల ఒప్పుకుంది.

ఈ ఉత్తరంతో పాటు బస్సులో ఒక పార్సిల్ వస్తుంది. బెండ్లు కావు, భయపడకు. పేరు కూడా చిన్నగానే రాశాను. నీ ఉలి, రెండు మాస్కులు. ఉలికి ఏడాదికోసారి సాన పట్టిస్తూనే ఉన్నాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం పొద్దున బస్సుకు రా. షెడ్డులో ఒక అమ్మవారి విగ్రహం పని అంతా అయిపోయి ఉంది. కళ్లు మాత్రం గీయలేదు. నేను గీస్తే బాగానే వస్తాయి, అయినా గీయలేదు.

గీసేటప్పుడు ఊపిరి బిగబట్టు. నీళ్లలో మాత్రం వద్దు.

అన్న